లైట్ మీటర్ లేకుండా ఆరుబయట ఫిల్మ్ ఎక్స్‌పోజర్: నీడను చదివి నిర్ణయించే విధానం

మీటర్ లేని పాత కెమెరానో, మీటర్ పాడైన కెమెరానో చేతికి వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎంత అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), ఎంత షట్టర్ స్పీడ్ (ఆ వెలుగు ఫిల్మ్‌పై పడే సమయం) పెట్టాలో ఎలా తెలుస్తుంది? “ఎండలో ఎఫ్/16”, అంటే అపర్చర్ సంఖ్య 16 పెట్టమన్న ఒక్క మాట పట్టుకొని బయలుదేరినవారికి మొదటి రోల్‌లో కొన్ని ఫ్రేములు చక్కగా వస్తాయి. మిగిలినవి వెలుగు చాలక ఎందుకు పలచబడ్డాయో మాత్రం అర్థం కాదు. ఆ మాట తప్పు కాదు. అది మొదటి మెట్టు మాత్రమే, దాని తరువాత ఇంకా నాలుగు మెట్లున్నాయి.

అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. వెలుగు ఎంత ఉందో కన్ను కొలవలేదు. ఎండలోంచి నీడపట్టుకు వచ్చిన కొద్దిసేపటికే కన్ను సర్దుకొని, వెలుగు ఎనిమిదో వంతుకు పడిపోయినా “బాగానే ఉంది” అని చెబుతుంది. అందువల్ల “ఇక్కడ వెలుతురు ఎంత?” అని కంటిని అడగకూడదు. కన్ను తప్పు లేకుండా చూడగలిగినవి వేరే ఉన్నాయి: నీడ అంచు ఎంత పదునుగా ఉంది, నీడ ఎంత పొడవుంది, ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, వస్తువుకు ఆకాశం ఎంత కనబడుతోంది. ఈ విధానమంతా ఆ నాలుగు పరిశీలనల మీదే నిలబడుతుంది.

1. బయలుదేరే ముందు చూసుకోవలసినవి

తొలి ప్రయత్నాలకు నెగెటివ్ ఫిల్మ్ వాడండి; నలుపు తెలుపైనా, రంగులదైనా సరే. నెగెటివ్ ఫిల్మ్‌పై అవసరానికి మించి రెండు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుగు రెట్టింపవుతుంది) వెలుగు పడినా మంచి ప్రింటు తీయవచ్చు. ఒక స్టాప్ తక్కువైతే మాత్రం నీడ భాగాల్లోని వివరం పోవడం మొదలవుతుంది. ఫిల్మ్ మీదే నేరుగా అసలు రంగుల బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్‌కు ఆ ఓర్పు లేదు, అర స్టాప్ తేడా కూడా స్పష్టంగా కనబడుతుంది. వెల్వియా 50, ఎక్టాక్రోమ్ ఈ100 వంటి స్లైడ్ ఫిల్మ్‌లను కొన్ని నెగెటివ్ రోల్స్ తీసి చేయి తిరిగిన తరువాతే ఎత్తుకోవడం మంచిది.

ఫిల్మ్ స్పీడ్‌ను, అంటే వెలుగుకు ఫిల్మ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే సంఖ్యను, కెమెరాకు తగినట్టు ఎంచుకోవాలి. ట్రై-ఎక్స్, హెచ్‌పీ5 ప్లస్ వంటి 400 ఫిల్మ్‌కు పూర్తి ఎండలో ఎఫ్/16 వద్ద 1/500 సెకను షట్టర్ కావాలి. పాత మడత కెమెరాల్లో చాలావాటికి అంత వేగం ఉండదు. మీ కెమెరా గరిష్ఠ వేగం 1/200 అయితే, ఎండలో పని చేయడానికి 100 లేదా 125 స్పీడ్ ఫిల్మ్ సౌకర్యంగా ఉంటుంది. మబ్బు రోజుల్లో, చెట్ల కింద 400 ఫిల్మ్ ఎంతో ఆదుకుంటుంది.

షట్టర్‌ను ఫిల్మ్ వేయకముందే పరీక్షించండి. వెనుక మూత తెరిచి, లెన్స్‌ను వెలుతురున్న గోడవైపు తిప్పి, 1 సెకను నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వేగం వద్ద నొక్కుతూ చూడండి, వినండి. ప్రతి మెట్టుకూ షట్టర్ తెరిచి ఉండే సమయం సగమవుతున్నట్టు తెలియాలి. 1 సెకను రెండు సెకన్లు సాగినా, 1/8, 1/15 ఒకేలా వినిపించినా లోపలి యంత్రం మందగించిందని అర్థం. ఈ పరీక్షతో 1/250 కచ్చితంగా ఉందో లేదో తేల్చలేము, కానీ చెడిపోయిన షట్టర్‌ను మాత్రం పట్టుకోగలము. పాత షట్టర్‌ల దోషం సాధారణంగా నిదానం వైపే ఉంటుంది, అంటే ఫిల్మ్‌పై వెలుగు కాస్త ఎక్కువే పడుతుంది. నెగెటివ్ ఫిల్మ్ దాన్ని భరిస్తుంది.

సంచిలో ఉండవలసినవి:

- ఫిల్మ్ స్పీడ్ రాసి కెమెరాకు అంటించిన చిన్న చీటీ
- 4వ విభాగంలోని వెలుగు వరుసలను ఎత్తి రాసుకున్న కార్డు
- చిన్న నోటు పుస్తకం, పెన్సిల్
- లెన్స్ హుడ్. లేకపోతే ఎదురెండలో అరచేయి అడ్డుపెట్టడం అలవాటు చేసుకోండి

2. స్టాప్ లెక్క నోటికి రావాలి

ఒక స్టాప్ తెరవడమంటే ఫిల్మ్‌పై పడే వెలుగును రెట్టింపు చేయడం, ఒక స్టాప్ మూయడమంటే సగం చేయడం. అపర్చర్ వరుస ఇది: 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. షట్టర్ వరుస ఇది: 1/30, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000. ఈ రెండు వరుసలనూ ముందుకీ వెనక్కీ తడుముకోకుండా చెప్పగలిగే వరకు ఇంట్లోనే సాధన చేయండి. బయట దృశ్యం ముందు నిలబడి వేళ్లు లెక్కపెట్టుకుంటే దృష్టి దృశ్యం మీద నిలవదు.

పాత కెమెరాల మీద వేరే సంఖ్యలు కనబడవచ్చు. షట్టర్‌పై 1/25, 1/50, 1/100, 1/200 అని ఉంటే వాటిని 1/30, 1/60, 1/125, 1/250 గానే తీసుకోవచ్చు. కొన్ని లెన్స్‌ల మీద 4.5, 6.3, 9, 12.5, 18 అనే వరుస ఉంటుంది. అక్కడ కూడా ఒక్కొక్క మెట్టు ఒక స్టాపే. 18ని 16 స్థానంలో, 12.5ని 11 స్థానంలో వాడితే ఫిల్మ్‌పై వెలుగు స్టాప్‌లో మూడో వంతు తగ్గుతుంది. అందుకని సంశయం కలిగినప్పుడు అపర్చర్ రింగును తెరిచే వైపు కొద్దిగా జరపండి.

3. మూల విలువ పెట్టుకోవడం

ఆకాశం నిర్మలంగా ఉండి, సూర్యుడు బాగా పైకి వచ్చి, వస్తువు మీద ఎండ సూటిగా పడుతున్నప్పుడు అపర్చర్ ఎఫ్/16, షట్టర్ స్పీడ్ ఫిల్మ్ స్పీడ్‌కు విలోమం. 100 ఫిల్మ్‌కు 1/125, 200 ఫిల్మ్‌కు 1/250, 400 ఫిల్మ్‌కు 1/500, 50 ఫిల్మ్‌కు 1/60. సరిగ్గా 1/100 లేదా 1/400 షట్టర్ మీద లేనప్పుడు దానికి దగ్గరి వేగాన్ని తీసుకుంటే చాలు, ఆ తేడా మూడో వంతు స్టాప్ మాత్రమే.

ఈ లెక్క వస్తువు నుంచి తిరిగివచ్చే వెలుగును కాక, వస్తువు మీద పడే వెలుగును పట్టి చెబుతుంది. అందువల్ల తెల్లగోడకూ, దాని పక్కనే అదే ఎండలో నిలిచిన నల్ల గుర్రానికీ ఒకే ఎక్స్‌పోజర్. తిరిగివచ్చే వెలుగును కొలిచే కెమెరా మీటర్‌కు అలవాటుపడినవారు తెల్లని వస్తువుకు ఇంకాస్త తెరవాలనో, నల్లని దానికి మూయాలనో అనుకొని ఇక్కడ పొరబడతారు. ఆ సవరణ మీటర్ చేసే పొరపాటును దిద్దడానికి పుట్టింది. మనం పడే వెలుగును లెక్కిస్తున్నప్పుడు దాని అవసరం రాదు.

4. నీడ అంచును చదవడం

ఇక్కడే ఎక్కువ సాధన అవసరం. రోజుకు నాలుగైదు సార్లు, కెమెరా లేకపోయినా, నడుస్తూ నడుస్తూ నేల మీద నీడను చూసి అపర్చర్ ఎంతో మనసులో చెప్పుకుంటే రెండు వారాల్లోనే ఇది అలవాటుగా మారుతుంది.

ఎప్పుడూ ఒకే నీడను చూడాలి. కాగితానికి అంగుళం ఎత్తులో పెన్సిల్ పెడితే పలుచని మబ్బులో కూడా నీడ పదునుగానే కనబడి మోసం చేస్తుంది. ఎత్తైన స్తంభం కొన నీడ నిండు ఎండలో కూడా అంచు చెదిరి ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బింబం. దూరం పెరిగేకొద్దీ నీడ అంచు పలచబడుతుంది. నేను నిటారుగా నిలబడి, నేల మీద పడే నా తల నీడ అంచునే చూస్తాను. నిండు ఎండలో కూడా ఆ అంచు ఒక వేలు వెడల్పున మెత్తబడి ఉంటుంది. అదే నా ప్రమాణం. మీరు అరచేతి నీడను ఎంచుకున్నా ఫరవాలేదు, కానీ ప్రతిసారీ అదే చేయి, అదే ఎత్తు ఉండాలి.

నీడ చెప్పే వరుసలు ఇవి. షట్టర్ మాత్రం అన్నిటికీ ఫిల్మ్ స్పీడ్‌కు విలోమమే:

- మంచు మీద, తెల్లని ఇసుక మీద నిండు ఎండ: ఎఫ్/22
- ముదురు నీడ, స్పష్టమైన అంచు: ఎఫ్/16
- నీడ ఉంది, అంచు చెదిరింది. పలుచని మబ్బు లేదా ధూళి పొర: ఎఫ్/11
- నీడ ఉందా లేదా అని వెతుక్కోవాలి. మబ్బు పట్టినా ఆకాశం తెల్లగా మెరుస్తోంది: ఎఫ్/8
- నీడ అసలు లేదు. మబ్బు బూడిద రంగులో ఉంది: ఎఫ్/5.6
- ముసురు, వాన, నల్లమబ్బు: ఎఫ్/4

మంచుకు, ఇసుకకు ఎఫ్/22 ఎందుకంటే, అక్కడ నేల కూడా వెలుగును పైకి విసురుతుంది. వస్తువు మీద ఎండతో పాటు కింది నుంచి కూడా వెలుగు పడుతుంది. అయితే ఇసుక మీద నిలబడిన మనిషి ముఖం గొడుగు నీడలో ఉంటే ఈ వరుస వర్తించదు.

ఎఫ్/8, ఎఫ్/5.6 వరుసల మధ్య చాలామంది తడబడతారు. మబ్బు రోజున నీడ లేదని తేలిపోయాక, నేల మీద కాకుండా వస్తువు కిందకు చూడండి. నిలబెట్టిన వాహనం కింద, బల్ల కింద నలుపు గట్టిగా కనబడుతూ, ఆకాశం వైపు చూసినప్పుడు కళ్లు చిట్లించవలసి వస్తే ఎఫ్/8. చిట్లించనక్కరలేకుండా మబ్బును హాయిగా చూడగలిగితే ఎఫ్/5.6. కన్ను వెలుగును కొలవదని పైన చెప్పాను. అయినా కళ్లు చిట్లించడం అసంకల్పితంగా జరిగే పని కాబట్టి, ఈ రెండు వరుసలను వేరు చేసేంతవరకు అది నమ్మదగిన గుర్తే.

మబ్బులు చెదురుమదురుగా కదులుతున్న రోజున వెలుగు నిమిషంలోనే రెండు స్టాప్‌లు మారవచ్చు. అటువంటప్పుడు ఎండ విలువనూ, మబ్బు విలువనూ రెండింటినీ ముందే నిర్ణయించి పెట్టుకొని, మీట నొక్కే క్షణంలో నీడను చూసి వాటిలో ఒకటి పెట్టండి.

5. వస్తువు నీడపట్టున ఉంటే

మీరు ఎండలో నిలబడి, వస్తువు నీడలో ఉంటే మీ కాళ్ల దగ్గరి నీడ మీకు పనికిరాదు. నెగెటివ్‌లు పలచబడటానికి నేను చూసిన కారణాల్లో ఇదే మొదటిది. వీలైతే వస్తువు దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడ నిలబడి, తల ఎత్తి ఆకాశం ఎంత కనబడుతోందో చూడండి.

గోడ నీడలో నిలబడినా తలపైన, ముందువైపు విశాలంగా ఆకాశం కనబడుతుంటే అది తెరపి నీడ. దానికి ఎఫ్/5.6, అంటే ఎండ కంటే మూడు స్టాప్‌లు ఎక్కువ. ఆకాశం సగమే కనబడితే ఎఫ్/4. దట్టమైన చెట్టు కింద, వసారా లోపలి అంచున, ఇరుకు సందులో ఆకాశం ఒక ముక్కగానే కనబడితే ఎఫ్/2.8, ఇంకా లోపలికి పోతే దానికీ ఒక స్టాప్ తెరవాలి. ఎదురుగా ఎండ పడుతున్న తెల్లగోడ ఉంటే అది రెండో ఆకాశంలా పనిచేస్తుంది కాబట్టి ఒక స్టాప్ వెనక్కి తీసుకోవచ్చు.

చెట్టు కింద ఎండ పొడలు పడుతున్న దృశ్యంలో ఒకే ఎక్స్‌పోజర్ రెండింటినీ నిలపలేదు. మీకు ముఖ్యమైనది నీడలో ఉన్న ముఖమైతే నీడకు లెక్క కట్టండి, పొడలు తెల్లబడనివ్వండి. నెగెటివ్ ఫిల్మ్‌పై రెండింటి మధ్య విలువ పెట్టినా చాలాసార్లు ఫలితం బాగుంటుంది. స్లైడ్ ఫిల్మ్‌పై ఆ దృశ్యాన్ని వదిలేయమనే నా సలహా.

6. ఎండ ఏ వైపు నుంచి?

పై వరుసలన్నీ ఎండ మీ వెనుక నుంచి వస్తువు మీద పడుతున్నప్పటివి. ఎండ పక్క నుంచి పడితే వస్తువులో సగం నీడలో ఉంటుంది, ఒక స్టాప్ తెరవండి. ఎదురెండలో, అంటే సూర్యుడు వస్తువు వెనుక ఉన్నప్పుడు, మీకు కనబడేది నీడ వైపు మాత్రమే. దగ్గరి మనిషి ముఖంలో వివరం కావాలంటే రెండు స్టాప్‌లు తెరవాలి. దూరపు దృశ్యమైతే ఒకటి చాలు. నల్లని ఛాయాకృతే మీకు కావలసింది అయితే ఏమీ తెరవకండి.

ఈ సవరణ గట్టి ఎండకే పూర్తిగా వర్తిస్తుంది. ఎఫ్/11 వరుసలో దీనిని సగానికి తగ్గించండి. నీడలే లేని మబ్బులో వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి దిక్కు సవరణ పూర్తిగా మానేయండి.

7. ఉదయం, సాయంత్రం: నీడ పొడవు

సూర్యుడు కిందికి దిగేకొద్దీ ఎండ గాలిపొరలో ఎక్కువ దూరం ప్రయాణించి బలం తగ్గుతుంది. గడియారాన్ని నమ్మకండి, ఋతువును బట్టి, భూమధ్యరేఖ నుంచి ఉన్న దూరాన్ని బట్టి ఒకే గంటకు సూర్యుడి ఎత్తు వేర్వేరుగా ఉంటుంది. సమతల నేల మీద మీ నీడ మీ ఎత్తుకు ఎన్ని రెట్లుందో చూడటం ఎక్కడైనా పనికొస్తుంది. నేను పాటించే లెక్క ఇది:

- నీడ ఎత్తుకు రెండు రెట్ల లోపు: సవరణ లేదు
- మూడు నుంచి ఐదు రెట్లు: ఒక స్టాప్ తెరవాలి
- ఆరు రెట్లు, ఆపైన: రెండు స్టాప్‌లు
- సూర్యబింబం క్షితిజాన్ని తాకుతోంది, నీరెండ ఎర్రబడింది: మూడు స్టాప్‌లు

రెండుకు, మూడుకు మధ్య ఉంటే అర స్టాప్. నీడ రెండు రెట్లయినప్పుడు సూర్యుడు సుమారు 27 డిగ్రీల ఎత్తులో, ఐదు రెట్లయినప్పుడు సుమారు 11 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. శీతాకాలంలో భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల మధ్యాహ్నం కూడా నీడ మూడు రెట్లు ఉండవచ్చు. “మధ్యాహ్నమే కదా” అని ఎఫ్/16 పెట్టినవారి నెగెటివ్‌లు అందుకే పలచబడతాయి.

సూర్యాస్తమయం తరువాత నీడ ఏమీ చెప్పదు, వెలుగు ప్రతి నిమిషమూ పడిపోతుంది. భూమధ్యరేఖకు దగ్గరలో అది మరీ వేగంగా జరుగుతుంది. ట్రైపాడ్ వేసి, ఒక్కొక్క స్టాప్ పెంచుతూ నాలుగైదు ఫ్రేములు తీయడమే అక్కడ నమ్మదగిన దారి. నిండు చంద్రుడి విషయం మాత్రం వేరు. ఆకాశంలో బాగా పైకి వచ్చిన చంద్రబింబంలోని మచ్చలు కనబడాలంటే ఎఫ్/11 వద్ద ఫిల్మ్ స్పీడ్‌కు విలోమమైన షట్టర్ సరిపోతుంది, ఎందుకంటే మనం తీస్తున్నది ఎండ పడిన రాతినేలనే.

8. ఫిల్టర్ ఉంటే

ఫిల్టర్ మీద ఉండే రెట్ల సంఖ్యను స్టాప్‌లుగా చదవకండి. 2 రెట్లంటే ఒక స్టాప్, 4 రెట్లంటే రెండు, 8 రెట్లంటే మూడు. సాధారణ పసుపు ఫిల్టర్‌కు ఒక స్టాప్, నారింజకు దాదాపు రెండు, ముదురు ఎరుపుకు మూడు, పోలరైజర్‌కు ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు తెరవాలి.

9. అన్నిటినీ ఒక క్రమంలో కలపడం

క్రమం మారితే లెక్క తప్పుతుంది. ముందు వెలుగును నిర్ణయించండి, తరువాత సవరణలు చేయండి, చివరికి మాత్రమే మీకు కావలసిన అపర్చర్, షట్టర్ జతకు మార్చుకోండి. మొదటే “నాకు ఎఫ్/4 కావాలి” అని మొదలుపెడితే మధ్యలో ఏదో ఒక స్టాప్ జారిపోతుంది.

ఒక ఉదాహరణ. 100 ఫిల్మ్, నిర్మలమైన ఆకాశం, సాయంత్రం, మీ నీడ మీ ఎత్తుకు నాలుగు రెట్లు, మనిషి ముఖంపై ఎండ పక్క నుంచి పడుతోంది, లెన్స్‌పై పసుపు ఫిల్టర్ ఉంది. మూల విలువ 1/125, ఎఫ్/16. నీడ పొడవుకు ఒక స్టాప్: ఎఫ్/11. పక్క ఎండకు ఒకటి: ఎఫ్/8. ఫిల్టర్‌కు ఒకటి: ఎఫ్/5.6. అంటే 1/125, ఎఫ్/5.6. వెనుక దృశ్యం మసకబారాలంటే అపర్చర్‌ను ఎఫ్/4కు తెరిచి షట్టర్‌ను 1/250కి పెంచండి. లోతు కావాలంటే, అంటే దగ్గరిదీ దూరపుదీ రెండూ స్పష్టంగా రావాలంటే, ఎఫ్/8, 1/60. మూడు జతలూ ఫిల్మ్‌కు ఒకే వెలుగును ఇస్తాయి.

ఇంకొకటి. 400 ఫిల్మ్, బూడిద రంగు మబ్బు, నీడలు లేవు. 1/500, ఎఫ్/5.6. దిక్కు సవరణ లేదు, నీడ పొడవు సవరణ లేదు. ఇరుకు వీధిలో ఆకాశం సగమే కనబడుతోంది, కాబట్టి ఒక స్టాప్: ఎఫ్/4. నడుస్తున్న మనుషులను దూరం అంచనా వేసి తీయాలంటే లోతు కావాలి కాబట్టి ఎఫ్/8, 1/125 జతకు మార్చుకోండి.

కెమెరా ఎత్తేముందు అడగవలసిన ప్రశ్నలు, ఇదే వరుసలో:

- వస్తువు ఎండలో ఉందా, నీడపట్టున ఉందా?
- ఎండలో ఉంటే నీడ అంచు ఎలా ఉంది? నీడలో ఉంటే ఆకాశం ఎంత కనబడుతోంది?
- నా నీడ నా ఎత్తుకు ఎన్ని రెట్లు?
- ఎండ ఏ వైపు నుంచి?
- ఫిల్టర్ ఉందా?
- ఇప్పుడు ఏ జతకు మార్చుకోవాలి?

10. రెండు విలువల మధ్య ఊగిసలాడితే

నెగెటివ్ ఫిల్మ్ అయితే తెరిచే వైపే మొగ్గండి. ఫిల్మ్‌పై నమోదు కాని నీడ వివరాన్ని తరువాత ఎవరూ తెచ్చివ్వలేరు. ఎక్కువైన సాంద్రతను ప్రింటులో దింపుకోవచ్చు. స్లైడ్ అయితే దీనికి విరుద్ధం, తెల్లబడి చెరిగిపోయిన భాగం తిరిగి రాదు కాబట్టి మూసే వైపు అర స్టాప్ మొగ్గాలి. మళ్లీ దొరకని దృశ్యమైతే స్లైడ్‌పై అర స్టాప్ తేడాతో మూడు ఫ్రేములు, నెగెటివ్‌పై అంచనా వేసినది ఒకటి, ఒక స్టాప్ ఎక్కువతో ఒకటి తీయండి.

గడువు దాటిన రంగుల నెగెటివ్ ఫిల్మ్‌కు ప్రతి పదేళ్లకు ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. కానీ విధానం నేర్చుకునే దశలో అటువంటి ఫిల్మ్ వద్దు. తప్పు అంచనాదో ఫిల్మ్‌దో తేల్చుకోలేరు.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

ఒకే సవరణను రెండుసార్లు చేయడం చాలా సాధారణం. సాయంత్రం వేళ గోడ నీడలో ఉన్న మనిషికి తెరపి నీడ విలువ పెట్టి, మళ్లీ ఎదురెండ అని రెండు స్టాప్‌లు తెరుస్తారు. నీడపట్టున ఉన్న వస్తువుకు ఎండ దిక్కు లేదు. అక్కడ దిక్కు సవరణ కొట్టివేయండి. ఆకాశపు వెలుగు కూడా తగ్గే వేళ కాబట్టి నీడ పొడవు సవరణను మాత్రం ఉంచండి.

ఫిల్మ్ మార్చినప్పుడు చీటీ మార్చకపోవడం మరొకటి. 400 తరువాత 100 వేసి, అలవాటు కొద్దీ 1/500 వద్దే ఉంచితే రోల్ మొత్తం రెండు స్టాప్‌లు తక్కువ పడుతుంది. నాకు ఇలా ఒక రోల్ పూర్తిగా పోయింది. అప్పటి నుంచి కొత్త ఫిల్మ్ చుట్టిన వెంటనే, కెమెరా సంచిలో పెట్టకముందే చీటీ రాస్తున్నాను.

ఆకాశాన్ని చూసి నిర్ణయించడం ఇంకొక పొరపాటు. పైన సగం నీలంగా, సగం మబ్బుగా ఉన్నా, సూర్యబింబానికి మబ్బు అడ్డుందా లేదా అన్నదే లెక్కలోకి వస్తుంది. ఆ సంగతి ఆకాశం కంటే నేల మీది నీడే తేటగా చెబుతుంది.

ఎఫ్/16కు తగిన వేగం షట్టర్‌లో లేదని తెలిసి కూడా ఎండలో 400 ఫిల్మ్‌తోనే నెట్టుకొస్తుంటారు. గరిష్ఠ వేగం 1/200 అయిన కెమెరాలో ఎఫ్/22కు మూసినా స్టాప్‌లో మూడో వంతు మించి ఎక్కువ పడదు. ఎఫ్/22 లేకపోతే ఎఫ్/16 వద్ద ఒకటింబావు స్టాప్ ఎక్కువ పడుతుంది. నెగెటివ్‌కు ఇది ప్రమాదమేమీ కాదు. నలుపు తెలుపు ఫిల్మ్ అయితే ఒక పసుపు ఫిల్టర్ తగిలిస్తే ఆ ఎక్కువ కూడా దాదాపు సర్దుకుంటుంది.

12. మొదటి రోల్‌ను పరీక్షగా తీయడం, నెగెటివ్ చదవడం

36 ఫ్రేముల రోల్ ఒకటి దీనికే కేటాయించండి. నిండు ఎండ, పలుచని మబ్బు, బూడిద మబ్బు, తెరపి నీడ, ఎదురెండ, నీరెండ: ఈ ఆరు రకాల వెలుగులో ఒక్కొక్కదానికి మూడు ఫ్రేములు తీయాలి. మొదటిది మీ అంచనా, రెండోది ఒక స్టాప్ తక్కువ, మూడోది ఒక స్టాప్ ఎక్కువ. పద్దెనిమిది ఫ్రేములవుతాయి, మిగిలిన పద్దెనిమిదిని మరో రోజున ఇదే వరుసలో తీయండి. ప్రతి ఫ్రేముకు నీడ అంచు, నీడ పొడవు, దిక్కు, పెట్టిన విలువ నోటు పుస్తకంలో రాయండి. ఈ రాత లేకపోతే ఫిల్మ్ డెవలప్ అయ్యాక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఫలితాన్ని స్కాన్‌లో చూడకండి. స్కానర్ ప్రతి ఫ్రేము వెలుగునూ తనంతట తానే సరిచేస్తుంది, అందువల్ల మూడు ఫ్రేములూ ఒకేలా కనబడవచ్చు. నెగెటివ్‌నే తెల్లని వెలుగు ముందు పట్టుకొని చూడాలి. నీడ భాగాల్లో (అవి నెగెటివ్‌లో పలుచగా ఉంటాయి) వివరం కనబడుతుంటే ఎక్స్‌పోజర్ చాలినంత ఉంది. అవి ఫిల్మ్ అంచులాగా ఖాళీగా పారదర్శకంగా ఉంటే తక్కువైంది.

బొమ్మలన్నీ పలుచగా వస్తే అంచున ముద్రించిన ఫ్రేము సంఖ్యలను చూడండి. సంఖ్యలు గట్టిగా ఉండి బొమ్మలే పలుచగా ఉంటే ఎక్స్‌పోజర్ తక్కువ. సంఖ్యలు కూడా వెలిసిపోయి ఉంటే డెవలపింగ్ తక్కువ. అప్పుడు మీ అంచనాను మార్చుకోకండి.

రెండు మూడు రోల్స్ తరువాత నోటు పుస్తకాన్ని నెగెటివ్‌ల పక్కన పెట్టి వరుస వారీగా సరిచూడండి. ఒకే రకం వెలుగులో తప్పు ప్రతిసారీ ఒకే వైపు వస్తుంటే కార్డు మీద ఆ ఒక్క వరుసను అర స్టాప్ దిద్దుకోండి. అన్ని వరుసల్లోనూ ఒకే వైపు, ఒకే మోతాదులో వస్తుంటే కార్డును ముట్టుకోకుండా షట్టర్‌ను అనుమానించి, ఆ తేడాను ఫిల్మ్ స్పీడ్ చీటీ మీద సరిచేయండి: ఎప్పుడూ ఒక స్టాప్ తక్కువ పడుతుంటే 400 ఫిల్మ్‌కు 200 అని, ఎప్పుడూ ఒక స్టాప్ ఎక్కువ పడుతుంటే 800 అని రాసుకొని మిగతా లెక్క యథాతథంగా కొనసాగించండి.